కూలి డబ్బు దేశాన్ని ఎంత దూరం మోస్తుంది?

నేపాల్‌లో 1995-96లో వందమందిలో 42 మంది పేదలు. 2010-11 నాటికి 25 మంది. 2022-23లో ప్రభుత్వం పేదరికపు గీతను బాగా పైకి జరిపి మళ్ళీ లెక్క తీసింది. గీత పైకి జరిగినా పేదలు 20 శాతం దగ్గరే తేలారు. పాత గీతనే ఉంచి కొలిస్తే 4 శాతం కూడా లేరు. ఈ మధ్యకాలంలో ఆ దేశం పదేళ్ళ అంతర్యుద్ధాన్ని చూసింది, 2008లో రాచరికాన్ని దింపింది, 2015లో పెను భూకంపానికి, ఆ తర్వాత కరోనాకు తట్టుకుంది. ఇన్ని దెబ్బల మధ్య పేదరికం ఇంతగా తగ్గిందంటే ఆర్థిక వ్యవస్థ పరుగులు పెట్టి ఉండాలి. అలా జరగలేదు. ఈ మొత్తం కాలంలో నేపాల్ వృద్ధి రేటు సగటున 4 శాతం చుట్టూనే తిరిగింది. 1990లలో జీడీపీలో 9 శాతం దాకా ఉన్న తయారీ రంగం వాటా 5 శాతం దగ్గరకు జారిపోయింది.

ఇళ్ళు తేరుకున్నాయి, దేశం మాత్రం ఉన్నచోటే ఉంది. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమయ్యాయో అర్థం కావాలంటే ఖతార్, మలేసియా, సౌదీ, యూఏఈ విమానాల కోసం కాఠ్మాండూలో వరుస కట్టే యువకులను చూడాలి. 2021 జనగణన నాటికి సుమారు 22 లక్షల మంది నేపాలీలు దేశం బయట ఉన్నారు. వాళ్ళు 2023-24లో ఇంటికి పంపిన డబ్బు దాదాపు 1,44,500 కోట్ల నేపాలీ రూపాయలు, అంటే జీడీపీతో పోలిస్తే నాలుగోవంతు. తజికిస్థాన్‌లో అయితే ఇది 45 శాతం దాకా వెళ్ళింది. అన్ని వర్ధమాన దేశాలకూ కలిపి 2023లో సుమారు 65,600 కోట్ల డాలర్లు ఇలా చేరాయని ప్రపంచ బ్యాంకు అంచనా. విదేశీ కంపెనీలు పెట్టే పెట్టుబడులు, ధనిక దేశాలు ఇచ్చే సాయం, రెండూ కలిపినా ఇంతకంటే తక్కువే.

ఇంత డబ్బు వచ్చే దేశాలు ఎందుకు ఎదగడం లేదన్న ప్రశ్న మీద ఆర్థికవేత్తలు రెండు దశాబ్దాలకు పైగా వాదించుకుంటున్నారు. నాకు మాత్రం చిక్కు ప్రశ్నలోనే ఉందనిపిస్తుంది. ప్రవాసి పంపేది కూలి. తన ఒంటి కష్టానికి ఎడారిలో దొరికిన జీతంలో కడుపు కట్టుకుని మిగిల్చింది. దాన్ని మనం పెట్టుబడి అని పిలుస్తున్నాం. పిలిచి, పెట్టుబడి చేయవలసిన పని అది చేయలేదని తప్పు పడుతున్నాం.

జీడీపీలో నాలుగోవంతు అంటే

ముందు ఒక లెక్కను విడదీయాలి. ‘నేపాల్ జీడీపీలో నాలుగోవంతు ప్రవాసుల డబ్బే’ అని పత్రికలు తరచూ రాస్తాయి. ఈ వాక్యం తప్పుదోవ పట్టిస్తుంది. ఒక దేశపు సరిహద్దుల లోపల ఏడాదిలో జరిగిన ఉత్పత్తి విలువే జీడీపీ. నేపాలీ కూలీ దోహాలో గోడ కడితే ఆ గోడ విలువ ఖతార్ జీడీపీలో చేరుతుంది. అతను ఇంటికి పంపిన వెయ్యి రియాళ్ళు నేపాల్ జీడీపీలో నేరుగా ఎక్కడా చేరవు. నాలుగోవంతు అనేది పక్కపక్కన పెట్టి పోల్చిన కొలత మాత్రమే.

ఆ వెయ్యి రియాళ్ళు జీడీపీలోకి రావాలంటే దేశం లోపల ఎవరో ఒకరు ఏదో ఒకటి తయారుచేసి ఆ కుటుంబానికి అమ్మాలి. తాపీమేస్త్రీకి కూలి ఇస్తే చేరుతుంది, బడి ఫీజు కడితే చేరుతుంది, పక్క ఊరి రైతు దగ్గర బియ్యం కొంటే చేరుతుంది. అదే డబ్బుతో భారత్ నుంచి వచ్చిన మోటారు సైకిలో, చైనా నుంచి వచ్చిన ఫోనో కొంటే దుకాణదారు లాభం, లారీ కిరాయి మినహా మిగతాదంతా సరిహద్దు దాటి వెళ్ళిపోతుంది. 2023-24లో నేపాల్ దిగుమతుల విలువ ఎగుమతులకు సుమారు పదిరెట్లు ఉంది. ఒకప్పుడు బియ్యం ఎగుమతి చేసిన దేశం ఇప్పుడు బియ్యం కూడా కొనుక్కుంటోంది. అంటే ప్రవాసి డబ్బు వచ్చిన దారినే చాలా వరకు తిరిగి బయటికి వెళ్తోంది. కుటుంబానికి మోటారు సైకిలు మిగులుతుంది, అది తక్కువేమీ కాదు. దాన్ని తయారుచేసే ఉద్యోగం మాత్రం నేపాల్‌లో పుట్టలేదు.

కూలి చేసే మేలు

ఇంటి స్థాయిలో ఈ డబ్బు చేసే మేలు గురించి పెద్దగా వివాదం లేదు. 71 వర్ధమాన దేశాలను పరిశీలించిన ఆర్థికవేత్తలు రిచర్డ్ ఆడమ్స్, జాన్ పేజ్ 2005లో తేల్చినదేమిటంటే, తలసరి ప్రవాస ఆదాయం 10 శాతం పెరిగితే పేదల వాటా 3.5 శాతం తగ్గుతుంది. నేపాల్‌లో 1995 నుంచి 2004 దాకా తగ్గిన పేదరికంలో సుమారు అయిదోవంతు వలసల పుణ్యమేనని మరో అధ్యయనం లెక్కగట్టింది.

నాకు అన్నిటికంటే నమ్మకం కలిగించిన సాక్ష్యం ఫిలిప్పీన్స్‌ది. విదేశాల నుంచి డబ్బు అందే కుటుంబాల పిల్లలు బాగా చదువుతున్నారంటే దానికి డబ్బే కారణమని ఎలా చెప్పగలం? చురుకైన కుటుంబాలే విదేశాలకు వెళ్తుండవచ్చు, వాళ్ళ పిల్లలు ఎలాగూ చదువుకునేవాళ్ళే కావచ్చు. ఈ ముడిని 1997 నాటి ఆసియా ఆర్థిక సంక్షోభం విప్పింది. అప్పటికే ఫిలిప్పీన్స్ కార్మికులు పదుల సంఖ్యలో దేశాల్లో పనిచేస్తున్నారు. ఆ జులైలో పెసో విలువ పడిపోయింది. అమెరికాలోనో సౌదీలోనో ఉన్నవాళ్ళ జీతం పెసోల్లో రాత్రికి రాత్రి పెరిగింది. మలేసియాలోనో కొరియాలోనో ఉన్నవాళ్ళకు అక్కడి కరెన్సీలూ కూలడంతో ఆ లాభం రాలేదు. ఎవరికి ఏది దక్కాలో ఎవరూ కోరుకోలేదు, లాటరీ తీసినట్టు జరిగింది.

ఆర్థికవేత్త డీన్ యాంగ్ ఈ రెండు రకాల కుటుంబాలనూ పోల్చి చూశాడు. కలిసొచ్చిన ఇళ్ళలో పిల్లలు బడిలో నిలిచారు, పిల్లలతో పని చేయించడం తగ్గింది. పెద్దవాళ్ళు సొంత పనుల మీద ఎక్కువ గంటలు పెట్టారు. కొంత పెట్టుబడి కావలసిన రవాణా, చిన్న తయారీ వంటి వ్యాపారాల్లోకి దిగారు. రోజువారీ ఖర్చు మాత్రం పెద్దగా మారలేదు. ‘వచ్చిన డబ్బంతా తిని కూర్చుంటారు’ అని తేలిగ్గా మాట్లాడేవాళ్ళు ఈ ఫలితాన్ని ఒకసారి తీరిగ్గా చదవాలి.

కష్టకాలంలో ఈ డబ్బు మరో రకంగా పనిచేస్తుంది. విదేశీ మదుపరి దేశం కుదేలైతే ముందు తన డబ్బు వెనక్కి తీసుకుంటాడు. కొడుకు అలా కాదు, ఊళ్ళో వానలు పడలేదని తెలిస్తే ఇంకాస్త ఎక్కువ పంపుతాడు. ఫిలిప్పీన్స్ పల్లెల్లో వానల లెక్కలతో పోల్చి చూస్తే, కుటుంబం కోల్పోయిన ఆదాయంలో దాదాపు 60 శాతాన్ని విదేశాల్లోని సొంతవాళ్ళు పూడ్చారు. నేపాల్‌లో 2015 ఏప్రిల్ 25 భూకంపం తర్వాత కూడా ప్రవాసులు చేయి ముడుచుకోలేదు, మరింత పంపారు. కరోనా మొదటి నెలల్లో ఈ డబ్బు 20 శాతం పడిపోతుందని ప్రపంచ బ్యాంకు హెచ్చరించింది. 2020 ముగిసేసరికి తగ్గింది 2 శాతం లోపే. విమానాలు ఆగిపోవడంతో చేతిమీద, తెలిసినవాళ్ళతో పంపే డబ్బు బ్యాంకుల దారి పట్టడం ఇందుకు ఒక కారణం. ఉద్యోగం ఉన్నవాడు తాను అర్ధాకలితో ఉండి పంపడం మరో కారణం. ఈ రెండోదానికి ఏ ఖాతాలోనూ పద్దు ఉండదు.

పంపిన డబ్బంతా మిగిలేది కాదు

గణాంకాల్లో కనిపించేది దేశంలోకి వచ్చిన మొత్తం. దాన్ని సంపాదించడానికి ముందు ఇంటి నుంచి ఎంత పోయిందో వాటిలో ఉండదు. మన దగ్గర జగిత్యాల, నిజామాబాద్, నిర్మల్, సిరిసిల్ల పల్లెల నుంచి గల్ఫ్‌కు వెళ్ళినవాళ్ళను అడిగితే చెప్పే మొదటి విషయం జీతం కాదు, వీసాకు చేసిన అప్పు. మస్కట్ వెళ్ళినా, కువైట్ వెళ్ళినా ఆ ఊళ్ళలో ‘దుబాయి పోయిండు’ అనే అంటారు. ఆ దుబాయి ఏదైనా అప్పు మాత్రం ఊళ్ళోనే పుడుతుంది. లైసెన్సు ఉన్న ఏజెంటు సేవా రుసుముగా 30,000 రూపాయలు, దానిపై పన్ను మించి తీసుకోకూడదని మన నిబంధన. ఆ మొత్తంతో విమానం ఎక్కినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. నేపాల్ కూడా 2015లో వీసా, టికెట్ ఖర్చు యజమానిదేనని ప్రకటించింది. అక్కడా కాగితం ఒకటి చెబుతుంది, ఏజెంటు గది మరొకటి చెబుతుంది.

ఒక ఉదాహరణగా లెక్క వేద్దాం. లక్షన్నర అప్పు, నూటికి మూడు రూపాయల వడ్డీ. నెలకు వడ్డీయే 4,500. నెలకు 15,000 పంపగలిగే కార్మికుడి డబ్బులో దాదాపు మూడోవంతు అసలు జోలికి పోకుండానే కరిగిపోతుంది. ఇంట్లో తిండికి, మందులకు కొంత పోగా అసలు తీరడానికి రెండేళ్ళు పట్టినా ఆశ్చర్యం లేదు. కంపెనీ వీసా రెండేళ్ళదే అయితే అతను ఆ రెండేళ్ళూ వడ్డీ వ్యాపారికి, ఏజెంటుకు పనిచేసినట్టు. రిజర్వు బ్యాంకు లెక్కలో అది విదేశాల నుంచి వచ్చిన ఆదాయం. ఊళ్ళో అది చేతులు మారిన అప్పు.

ఎవరి దగ్గరైనా పని చేసుకోవచ్చని ఏజెంటు చెప్పే ఆజాద్ వీసాను నమ్మి వెళ్ళి, కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) దగ్గర పని దొరకక బయటపడి, అకామా (నివాస అనుమతి) గడువు దాటిపోయినవాళ్ళను గల్ఫ్‌లో మనవాళ్ళు కల్లివెల్లి అంటారు. సరైన కాగితం లేనివాడు ఎక్స్చేంజి కౌంటరు దగ్గర నిలబడలేడు. అతని డబ్బు హుండీ దారిలోనే, అంటే బ్యాంకులతో పనిలేకుండా దళారుల చేతుల మీదుగానే, ఇల్లు చేరాలి. అందువల్ల అన్నిటికంటే ఎక్కువ కష్టపడేవాడి డబ్బే లెక్కలో అన్నిటికంటే తక్కువగా కనబడుతుంది. కోనసీమ నుంచీ, కడప వైపు నుంచీ కువైట్ ఇళ్ళలో పనికి వెళ్ళిన ఆడవాళ్ళ సంగతీ ఇంతే. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంటే ఆ మనిషి తన పేరున ఏ లావాదేవీ చేయగలదు?

వృద్ధి లెక్కలో ఎందుకు కనబడదు

2003లో అంతర్జాతీయ ద్రవ్యనిధి పరిశోధకులు రాల్ఫ్ చామి, ఆయన సహచరులు ఒక కలకలం రేపారు. ప్రవాస సొమ్ము ఎక్కువగా వచ్చే దేశాల్లో వృద్ధి తక్కువగా ఉందన్నారు. ఇంట్లోవాళ్ళు ఆ డబ్బు చూసుకుని పని తగ్గించుకుంటారన్నది వాళ్ళ వివరణ. 2009లో అదే సంస్థ నుంచి వచ్చిన మరో పరిశీలన వృద్ధి మీద చెప్పుకోదగ్గ ప్రభావం ఏ వైపూ కనబడలేదంది. అదే ఏడాది పావొలా జూలియానో, మార్తా రూయిజ్-ఆరాంజ్ సుమారు వంద దేశాల లెక్కలతో ఇంకో మాట చెప్పారు: బ్యాంకులు పేదవాడికి అప్పివ్వని దేశాల్లో ఈ డబ్బు అప్పు చేసే పని చేస్తుంది, వృద్ధిని పెంచుతుంది.

మొదటి వాదనలో నాకు నచ్చనిది దాని తొందర. జ్వరం ఉన్న ఇళ్ళలో మందుసీసాలు ఎక్కువ కనిపిస్తాయి. మందు వల్లే జ్వరం వచ్చిందని ఎవరూ అనరు. దేశంలో ఉద్యోగాలు లేకపోతేనే జనం బయటికి వెళ్తారు, వెళ్తేనే డబ్బు వస్తుంది. వృద్ధి తక్కువగా ఉండటం ఇక్కడ ముందు జరిగిన సంగతి. బద్ధకం సంగతికి వస్తే, భర్త మలేసియాలో ఉన్న నేపాలీ ఇల్లాలు కూలికి వెళ్ళడం మానితే సర్వేలో ‘పనిలో లేదు’ అని నమోదవుతుంది. పొలం, పశువులు, పిల్లలు, మంచం పట్టిన అత్తగారు, బ్యాంకు, బడి, అప్పులవాడు, అన్నీ ఒక్కతే చూసుకుంటున్న మనిషిని అలా రాయడానికి కలం ఎలా వచ్చిందో!

కొలతలోనే మరో లోపాన్ని ఆర్థికవేత్తలు మైకేల్ క్లెమెన్స్, డేవిడ్ మెకెంజీ బయటపెట్టారు. 1990 నుంచి 2010 దాకా ప్రపంచంలో ప్రవాస సొమ్ము విపరీతంగా పెరిగినట్టు కనిపించింది కదా, అందులో దాదాపు అయిదింట నాలుగు వంతులు నిజమైన పెరుగుదల కాదన్నారు. అంతకుముందు హుండీలో, జేబుల్లో వచ్చిన డబ్బును దేశాలు కొత్తగా లెక్కలోకి తీసుకోవడం మొదలుపెట్టాయి. మునుపూ వచ్చినదే ఇప్పుడు కాగితం మీదికి ఎక్కితే వృద్ధి ఎలా పెరుగుతుంది?

వాళ్ళ మరో మాట నన్ను ఇంకా లోతుగా ఆలోచింపజేసింది. వలస వల్ల లాభపడేవాళ్ళలో మొదటివాడు వలస వెళ్ళిన మనిషే. ఊళ్ళో సంపాదించేదానికి మూడు నాలుగింతలు సంపాదిస్తున్నాడు. నేపాల్ జీడీపీలో అతను లేడు, ఖతార్ తన ప్రజల బాగోగుల లెక్కలో అతన్ని చేర్చుకోదు. దేశం ఎదగడమంటే ఆ నేల మీది ఉత్పత్తి పెరగడమా, ఆ నేల మీద పుట్టిన మనుషుల బతుకు మెరుగుపడటమా? మొదటిదే అనుకుంటే నేపాల్ మిగతా దేశాల కంటే వెనకబడింది. రెండోది అనుకుంటే అంత అధ్వానంగా ఏమీ లేదు.

అలాగని నష్టం లేదనడానికి వీల్లేదు. అసలు నష్టం ధరల్లో దాగి ఉంటుంది. ఆర్థికవేత్తలు దీన్ని డచ్ జబ్బు అంటారు. 1959లో నెదర్లాండ్స్‌లో సహజవాయువు బయటపడ్డాక, ఆ డబ్బు వెల్లువలో అక్కడి కరెన్సీ బలపడి, ఇతర పరిశ్రమల సరుకు విదేశాల్లో ఖరీదై దెబ్బతింది. ప్రవాస సొమ్ము కూడా ఇదే పని చేయగలదు. నేపాల్ విషయంలో ఇంకో మెలిక ఉంది. 1993 నుంచి నేపాలీ రూపాయి మారకం విలువ భారత రూపాయికి 1.60 దగ్గర కట్టేసి ఉంది, కరెన్సీ బలపడే దారి లేదు. దాంతో ఆ ఒత్తిడి బయటి నుంచి తెచ్చుకోలేని వాటి మీద పడింది. ఫోను ధర పెరగదు, ఎన్ని కావాలంటే అన్ని దిగుమతి అవుతాయి. స్థలం దిగుమతి కాదు, మేస్త్రీ కూలీ కాదు. వాటి ధరలు ఎగబాకాయి. చొక్కాలు కుట్టి ఎగుమతి చేద్దామనుకున్నవాడికి షెడ్డు అద్దె పెరిగింది, కుట్టేవాళ్ళ జీతం పెరిగింది, అమ్మకపు ధర మాత్రం అంతర్జాతీయ బజారు నిర్ణయించినదే. చేతిలో నాలుగు రాళ్ళున్న ఎవరైనా అప్పుడేం చేస్తారు? ఫ్యాక్టరీ ఊసెత్తకుండా ప్లాటు కొంటారు.

గల్ఫ్ డబ్బు తగిలిన మన పట్టణాల శివార్లలో తిరిగినవాళ్ళకు ఈ దృశ్యం కొత్త కాదు. పదిహేనేళ్ళు ఎడారిలో తాపీపని చేసి వచ్చిన మనిషికి తన ఊళ్ళో తెలిసిన భద్రమైన పెట్టుబడి ఒక్కటే, స్థలం. బ్యాంకులో వేస్తే వడ్డీ చాలదు, వ్యాపారం పెడితే దాన్ని నేర్పేవాడు లేడు, వ్యవసాయం ఎందుకు వదిలాడో అతనికి తెలుసు. అతని తెలివికి నేను వంక పెట్టను. అతను ఒక్కడే అలా చేస్తే సరిపోయేది. అందరూ అదే చేయడంతో ఎకరం ధర ఆకాశానికి అంటి, తర్వాతి తరంలో దుబాయికి వెళ్ళని ఇంటివాడికి గజం స్థలం అందదు. వాడూ వీసా కోసం వెతుక్కుంటాడు.

ప్రభుత్వానికి దొరికిన సుఖం

నేపాల్ ప్రభుత్వానికి వచ్చే పన్నుల్లో చాలా పెద్ద భాగం సరిహద్దుల్లోని కస్టమ్స్ కార్యాలయాల దగ్గరే వసూలవుతుంది. ప్రవాసి డబ్బు పంపుతాడు, ఇంటివాళ్ళు దిగుమతి సరుకు కొంటారు, సరుకు సరిహద్దు దాటేటప్పుడు ఖజానా నిండుతుంది. దేశంలో ఒక్క కొత్త ఫ్యాక్టరీ రాకపోయినా ఈ చక్రం తిరుగుతూనే ఉంటుంది. బడి బాగాలేకపోతే తండ్రి పంపిన డబ్బుతో పిల్ల ప్రైవేటు బడికి వెళ్తుంది, ఆస్పత్రి బాగాలేకపోతే అమ్మను కాఠ్మాండూ తీసుకెళ్తారు. గట్టిగా నిలదీయవలసిన వయసువాడు దోహాలో ఉంటాడు. పాలకులకు ఇంతకంటే సుఖమైన ఏర్పాటు ఏముంటుంది? ఈ డబ్బు చేసే కీడు ఏదైనా ఉందంటే అన్నిటికంటే పెద్దది ఇదేనని నా అభిప్రాయం.

ఆ సుఖం శాశ్వతం కాదని 2025 సెప్టెంబర్ చూపింది. నేపాల్ ప్రభుత్వం ఆ నెల 4న 26 సామాజిక మాధ్యమాలను నిలిపేసింది. విదేశాల్లో ఉన్న లక్షలమంది రోజూ పిల్లల ముఖం చూసుకునేది వాటిలోనే. అప్పటికే నాయకుల పిల్లల విలాసాల మీద, అవినీతి మీద రగులుతున్న యువత 8న వీధుల్లోకి వచ్చింది, 9న ప్రధాని ఓలీ రాజీనామా చేశారు. ఉద్యోగం కోసం దేశం విడవక తప్పదన్న కోపం ఆ ఉద్యమం అడుగున బలంగా ఉంది.

శ్రీలంకది మరో పాఠం. 2021లో అక్కడి ప్రభుత్వం డాలరును 200 రూపాయల చుట్టూ పట్టి ఉంచింది. హుండీవాడు అంతకంటే బాగా ఎక్కువ ఇస్తున్నాడు. ప్రవాసులు ఏ దారి ఎంచుకుంటారో ఊహించడం కష్టం కాదు. 2020లో 710 కోట్ల డాలర్లుగా ఉన్న అధికారిక ప్రవాస సొమ్ము 2021లో 550 కోట్లకు, 2022లో 380 కోట్లకు పడిపోయింది. కుటుంబాలకు డబ్బు అందుతూనే ఉంది. మందులు, ఇంధనం దిగుమతి చేసుకోవలసిన దేశానికి మాత్రం డాలర్లు అందలేదు. 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పులు కట్టలేమని ఆ ప్రభుత్వం చేతులెత్తేసింది. అన్ని తప్పులకూ ఇదొక్కటే కారణం కాదు, కానీ ప్రవాసి డబ్బు మీద ఆనుకున్న దేశం అతనికి న్యాయమైన మారకపు ధర కూడా ఇవ్వకపోతే ఏమవుతుందో అక్కడ చూశాం.

కేరళను ఎక్కడ పెట్టాలి?

‘మరి కేరళ మాటేమిటి?’ అని ఎవరైనా అడగవచ్చు. అడగాలి కూడా. తిరువనంతపురంలోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్‌లో కె.సి. జకరయ్య, ఎస్. ఇరుదయ రాజన్ 1998లో మొదలుపెట్టిన వలస సర్వే దాదాపు అయిదేళ్ళకోసారి ఇంటింటికీ తిరిగి లెక్క తీస్తోంది. 2023 సర్వే ప్రకారం 22 లక్షల మంది కేరళీయులు విదేశాల్లో ఉన్నారు, ఏడాదిలో పంపింది 2.17 లక్షల కోట్ల రూపాయలు. 2018లో అది 85,000 కోట్లే. రాష్ట్ర ఆదాయంతో పోలిస్తే నేపాల్‌కు దగ్గరగానే ఉంది ఆ వాటా. కానీ కేరళ తలసరి ఆదాయంలో దేశ సగటును దాటి ముందుకు వెళ్ళింది.

తేడా డబ్బులో లేదు, అది పడిన నేలలో ఉంది. 1970ల చమురు ధరల పెరుగుదల తర్వాత గల్ఫ్ తలుపులు తెరుచుకునేనాటికే కేరళలో భూసంస్కరణలు జరిగాయి, పల్లెల్లో బడులూ ఆస్పత్రులూ ఉన్నాయి, రాసీ చదివీ లెక్కచూసుకునే ఆడవాళ్ళు ఇళ్ళలో ఉన్నారు. వచ్చిన కూలి డబ్బు ఆ పునాది మీద చదువుగా, వైద్యంగా, దుకాణాలుగా లేచింది. డచ్ జబ్బు కేరళకూ సోకింది. పరిశ్రమలు పెద్దగా రాలేదు, చదువుకున్న యువతలో నిరుద్యోగం ఎక్కువ, కూలి ధరలు పెరిగి బెంగాల్, అస్సాం, ఒడిశాల నుంచి లక్షలాది కార్మికులు అక్కడికి వస్తున్నారు. ఒక చోటికి వలసపోయిన రాష్ట్రం మరొకరికి గల్ఫ్ అయింది. మలప్పురంలో ఇల్లు కట్టే ముర్షిదాబాద్ మేస్త్రీ పంపే డబ్బు బెంగాల్‌లో ఏం చేస్తోందో కూడా ఇదే శ్రద్ధతో ఎవరైనా చూడాలి.

తెలుగు రాష్ట్రాల లెక్క వేరుగా మారుతోంది. రిజర్వు బ్యాంకు 2023-24 సర్వేలో దేశానికి వచ్చిన ప్రవాస సొమ్ములో తెలంగాణ వాటా 8.1 శాతం, ఆంధ్రప్రదేశ్ వాటా 4.4 శాతం. దేశం మొత్తం మీద అమెరికా నుంచి వచ్చేది 27.7 శాతానికి చేరి, యూఏఈ 19.2 శాతంతో వెనకబడింది. ఈ ఒక్క అంకెలో రెండు వేరువేరు ప్రపంచాలు కలిసిపోయాయి. డల్లాస్‌లోని సాఫ్ట్‌వేర్ ఇంజనీరు హైదరాబాద్‌లో రెండో ఫ్లాటుకు పంపే డాలరు, షార్జా లేబర్ క్యాంపు నుంచి తల్లి మందులకు వచ్చే దిర్హము ఒకే వరుసలో కూర్చున్నాయి. మొదటిది పెట్టుబడికి దగ్గర, రెండోది అచ్చంగా కూలి. అమెరికా 2026 జనవరి 1 నుంచి విధించిన 1 శాతం పన్ను నగదు, మనియార్డరు రూపంలో పంపేవాళ్ళ మీదే పడుతుంది. బ్యాంకు ఖాతా నుంచి పంపే మన ఇంజనీరుకు ఇది తగలదు. తోటల్లో, హోటళ్ళలో పనిచేసి నోట్లు చేతపట్టుకుని కౌంటరు దగ్గర నిలబడే మెక్సికో, ఎల్ సాల్వడోర్ కార్మికులకు తగులుతుంది.

ఇందులో చేయదగ్గ పనులు ఉన్నాయి. 200 డాలర్లు పంపడానికి ప్రపంచ సగటున ఇప్పటికీ 6 శాతానికి పైగా ఖర్చవుతోంది. 2030 నాటికి 3 శాతం లోపుకు తేవాలని ఐక్యరాజ్యసమితి పెట్టుకున్న లక్ష్యం దూరంగానే ఉంది. పదేళ్ళుగా నెలనెలా ఒక ఖాతాలో విదేశీ డబ్బు పడుతుంటే, ఆ చరిత్రనే హామీగా తీసుకుని బ్యాంకు ఆ ఇంటికి డెయిరీకో వర్క్‌షాపుకో అప్పు ఇవ్వవచ్చు. వీసా ఖర్చుకు ప్రభుత్వ బ్యాంకే మామూలు వడ్డీకి రుణమిస్తే ఊరి వడ్డీ వ్యాపారి పీడ విరగడవుతుంది, పంపిన మొదటి రూపాయి నుంచే ఇంటికి మిగులుతుంది. నాకు అన్నిటికంటే ముందు జరగాలనిపించేది ఈ చివరిదే. మెక్సికోలోని జకతేకాస్ రాష్ట్రంలో పుట్టిన ‘ఒకటికి మూడు’ పథకం గురించి చాలామంది మెచ్చుకుంటూ రాస్తారు. ప్రవాసులు ఊరి పనికి ఒక డాలరు ఇస్తే కేంద్రం, రాష్ట్రం, స్థానిక పాలకమండలి తలా ఒకటి కలిపేవి. రోడ్లూ నీటి పథకాలూ వచ్చాయి, సంతోషమే. కానీ పొరుగుదేశంలో పళ్ళు కోసే మనిషి డాలరు ఇస్తేనే ఊరికి నీళ్ళ గొట్టం వేస్తామనే ప్రభుత్వాన్ని మెచ్చుకోవడానికి నాకు మనసు రాదు.

నేపాల్‌కు ఏటా వెయ్యికి పైగా ప్రవాసుల మృతదేహాలు తిరిగివస్తున్నాయి. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం 2024లో 5 లక్షల రూపాయల సాయం ప్రకటించింది. మంచి పనే. కానీ మనిషి పోయాక ఇచ్చే సాయం కంటే ముందు, అతను బతికుండగా ఏం జరిగిందో తెలిపే లెక్క మన రెండు రాష్ట్రాలకూ కావాలి. కేరళ చేసినట్టు పాతికేళ్ళపాటు విడవకుండా ఇంటింటికీ వెళ్ళి అడిగే సర్వే మనకు లేదు. ఎంత పంపారన్నది రిజర్వు బ్యాంకు చెబుతూనే ఉంది. ఇంటి గడప దగ్గర కూర్చుని అడగవలసినవి వేరే ఉన్నాయి. ఏజెంటుకు ఎంత ఇచ్చారు? ఎన్ని రూపాయల వడ్డీకి తెచ్చారు? ఆయన వెళ్ళాక పొలం ఎవరు చేస్తున్నారు? ఆ అప్పు ఎన్ని నెలలకు తీరింది?